వెనక్కి పిలిచిన రోజులు

మంచం మీద బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. వినీల ఒక్కొక్కటీ మడిచి అందులో పెడుతోంది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సంపూర్ణమ్మ, ఒళ్ళో డైరీ పెట్టుకుని ఒక్కొక్కటీ రాసుకుంటోంది. తెల్ల కోట్లు రెండు. చుడీదార్లు ఆరు. లోపలి బట్టలు అని రాయడానికి సిగ్గేసి 'మిగతా బట్టలు' అని రాసింది. తువ్వాళ్ళు రెండు. స్టెతస్కోపు, ఆ మాట కుదిరేదాకా మూడుసార్లు కొట్టేసింది. కొత్తావకాయ సీసా, దానికి మూడు కవర్లు, కవర్ల మీద రబ్బరు బ్యాండు, ఆ పైన పాత లుంగీ గుడ్డ. సర్టిఫికెట్ల ఫైలు. ఫోను చార్జరు. చెగోడీలు ఎదురింటి అన్నపూర్ణమ్మగారు తెస్తానన్నారు, ఇంకా రాలేదు కాబట్టి ఆ మాట పక్కన చుక్క పెట్టింది. అక్షరాలు గీత మీద నిలబడక కిందికి జారుతున్నాయి.

"ఏంటి నాన్నమ్మా, నేను బ్యాగు సర్దుకుంటుంటే పోలీసోళ్ళు పంచనామా రాసినట్టు రాస్తావేంటి?"

"నీ సర్దుడు నువ్వు సర్దుకోవే. నా రాత నాది."

గంట టైముంది. గోడ గడియారం మూడు చూపిస్తోంది. నాలుగింటికి దుర్గాసాయి ఆటో తెస్తాడు, పెనుగొండ నుంచి సిద్ధాంతం వంతెన మీదుగా రావులపాలెం చేరేసరికి ఐదవుతుంది, అక్కడ బట్టల కొట్లో పనిచేసే కోడలు క్రిస్టినా కూతుర్ని బస్సెక్కించడానికి నేరుగా స్టాండుకే వస్తుంది, ఐదున్నరకి బెంగుళూరు బస్సు. సోమవారం పొద్దున ఆసుపత్రిలో నర్సుగా చేరాలి. ఈ గంటసేపూ సంపూర్ణమ్మ చేయవలసిన పని ఒక్కటే, పిల్లని ఆపకుండా ఉండటం. మరీ ముఖ్యంగా గుమ్మం దాటాక వెనక నుంచి పిలవకుండా ఉండటం. అందుకే ఈ జాబితా. ఏదీ మర్చిపోకపోతే పిలవాల్సిన అవసరమే రాదు. కిందటేడు జాబితా రాయలేదు. కిందటేడు జూలైలో విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, ఇదే బ్యాగు, ఇదే మంచం, పిల్ల వెళ్ళి ఆటోలో కూర్చున్నాక చూస్తే ఫైలు కుర్చీలోనే ఉంది. "వినీలా!" అని అరిచింది. ఆ అరుపు తన చెవిన తనకే పడింది, వెనక నుంచి పిలిచేశాను అని తెలిసింది, అంతే, ఎడమ పక్కన రొమ్ము కింద ఎవరో గుప్పిట పట్టి పిండినట్టయింది. నాటకం కాదది. ఎవరేమనుకున్నా ఆ నొప్పి నిజం. ఆటో బస్టాండుకి బదులు తణుకు దారి పట్టింది. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు, మూడు రోజులు ఉంచుకున్నారు, ఆఖరికి కుర్ర డాక్టరు "మామ్మగారూ, మీ గుండె నా గుండె కన్నా బాగుందండి" అన్నాడు. ఈలోగా విశాఖలో ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. వినీల ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాలుగు రోజులు ఏమీ అనలేదు, ఐదో రోజు మాత్రం అన్నం దగ్గర "నాన్నమ్మా, చారులో ఉప్పెయ్యలేదు" అంది, ఆ మాటకి సంపూర్ణమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అదంతా డైరీలో ఉంది. 'నాకేమీ లేదన్నారు. పిల్ల ఉద్యోగం పోయింది. నా వల్ల.' ఆ ఆఖరి రెండు మాటలూ రాయడానికి ఓ పూట పట్టింది. రాశాక పుస్తకం ఏమీ అనలేదు. అయ్యో అనలేదు, పర్వాలేదనీ అనలేదు, ఉన్నది ఉన్నట్టు పట్టుకుని కూర్చుంది. మనుషులకి అది చేతకాదు. పాస్టరుగారికి చెప్తే ప్రార్థన చేద్దామంటారు, క్రిస్టినాకి చెప్తే పోన్లెండి అత్తయ్యా అంటుంది, చెప్పిన మాటని చెప్పిన చోటే ఉండనిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

బ్యాగు జిప్పు సగం దాకా వచ్చి ఇరుక్కుంది. వినీల మోకాలు ఆనించి లాగుతోంది. ఆ మోకాలు ఆనించే తీరు అచ్చం విజయ్ పాల్‌దే, లారీ మీద టార్పాలిన్ తాడు బిగించేటప్పుడు కొడుకు అలాగే మోకాలు ఆనించి... వద్దు. అటు వెళ్ళొద్దు. చేతిలో పెన్ను ఉంది కదా, పెన్ను వైపు చూడు. ఈ పెన్ను పట్టుకోవడం వచ్చింది అరవయ్యో ఏట. చదవడం అంతకు ముందే వచ్చింది కానీ అదీ బళ్ళో కాదు, బడి మొహం ఆమె ఎరగదు. చిన్నప్పుడు అమ్మ వెనక ఊడ్పులకి, పెళ్ళయ్యాక మిషన్ హాస్టల్లో వంటకి. చదువు వచ్చింది చర్చిలో. పక్కన కూర్చున్నావిడ చేతిలో పాటల పుస్తకం తెరిచి ఉండేది, పాటలన్నీ సంపూర్ణమ్మకి నోటికి వచ్చు, మరి నోట్లో ఉన్న మాటే ఆ కాగితం మీదా ఉండాలి కదా అని ఓ ఆదివారం తోచింది. యేసు అనే మాట పేజీకి పదిసార్లు వస్తుంది, ముందు దాన్ని పట్టుకుంది. అందులో ఉన్న 'సు' సాయంతో 'సుఖము' దొరికింది, సుఖములోంచి 'ముక్తి', అలా పాట సాగినంత మేర వేలు సాగిస్తూ, చరణం అయిపోయేసరికి వేలు ఒక్కోసారి రెండు మాటలు వెనకబడి, ఆ రెండు మాటలూ వారమంతా వెతుక్కుంటూ. రెండేళ్ళకి కిరాణా పొట్లాల కాగితాలు చదివింది, బస్సు బోర్డులు చదివింది, హాస్టలు పిల్లలు పారేసిన వాచకాలు, వారపత్రికల చిరిగిన సగాలు, కథ మొదలు దొరికితే చివర దొరకదు, చివర దొరికితే మొదలు తనే ఊహించుకునేది. నేర్పినవాళ్ళు లేరు కాబట్టి అక్షరాలన్నీ తను సంపాదించుకున్నవే అనిపించేది, గంప కింద కోడిపిల్లల్లా రోజూ ఓసారి తీసి చూసుకోవాలనిపించేది.

రాయించింది మాత్రం అన్నపూర్ణమ్మగారు. ఎదురింట్లో ఉంటారు, ఇంటి ముందు గదే కిరాణా కొట్టు, కొత్త సంవత్సరానికి మండపేట రైసు మిల్లు వాళ్ళు ఆ కొట్టుకి డైరీలు పంపిస్తారు. 2011 జనవరిలో ఒకటి తెచ్చి సంపూర్ణమ్మ ఒళ్ళో పడేశారు. "ఇదుగో సంపూర్ణా, పొద్దున్నే వచ్చి నీ గుండెదడంతా నా చెవిలో పోస్తున్నావు. నాకు బీపీ పెరిగిపోతోందే. ఇక మీదట దీంట్లో పోసుకో." "నాకు రాయడమెక్కడొచ్చండీ?" అంటే "పిండి కలపడం వచ్చినదానివి, అప్పడం వత్తలేవా? పో, పోయి వత్తు" అన్నారు. మొదటి పేజీ ఇప్పటికీ గుర్తు. 'వాన. బీరకాయ కూర.' అంతే. మూడు నాలుగు నెలలు అలాగే, కూరలూ వానలూ. ఆ తర్వాత ఓ రోజు ఎనిమిదేళ్ళ వినీలకి జ్వరం వస్తే 'పిల్లకి జ్వరం. నూట రెండు. భయం' అని రాసింది. మర్నాడు దాని కింద 'జ్వరం లేదు. రెండిడ్లీలు తింది' అని రాసి, రాసిన రెండిటినీ చూస్తూ ఉండిపోయింది. నిన్నటి భయం కిందే ఇవాళ్టి ఇడ్లీలు. ఛాతీలో ఉన్నంతసేపూ ఆ భయానికి ఒడ్డూ అడుగూ లేవు, కాగితం మీద చూస్తే బెత్తెడు లేదు. అప్పటి నుంచి పట్టుకుంది దాన్ని. ఎవరైనా ఇల్లు దాటితే చాలు, ఎన్నింటికి వెళ్ళారో, ఏ రంగు బట్టలు కట్టుకున్నారో, ఏం తిని వెళ్ళారో రాసుకునేది, తిరిగొచ్చాక ఎన్నింటికి వచ్చారో రాసేది. మధ్యలో ఉన్న ఆ గంటలు అంతకు ముందు ఆమెని నమిలేసేవి. రాయడం మొదలుపెట్టాక ఆ గంటల్లో వేరే పనులు కూడా చేయడం వచ్చింది. ఇంకో సంగతి, రాయాలి కాబట్టి చూడటం వచ్చింది. కాలవకి నీళ్ళొదిలిన రోజు నీళ్ళు ముందు కాఫీ రంగులో వస్తాయని, మూడో రోజుకి గానీ తేరవని, పిచ్చుకలు కరెంటు మీటరు మీద గూడు కట్టి రెండేళ్ళుగా దాన్నే బాగుచేసుకుంటున్నాయని, క్రిస్టినాకి కోపం వస్తే గిన్నెలు మామూలు కన్నా తెల్లగా తోముతుందని, ఇవన్నీ అరవై ఏళ్ళుగా కళ్ళ ముందే ఉన్నా రాసుకున్నాకే చూసింది. పదిహేనేళ్ళు. పదిహేను డైరీలు. తన బతుకులో ఏ పనీ ఇంత శ్రద్ధగా చేయలేదు. వంట కూడా.

"నాన్నమ్మా, ఓ పెద్ద చిక్కొచ్చింది." వినీల చేతిలో కాగితాలున్నాయి, మొహం పాలిపోయింది. "జాయినింగ్ ఫారంలో హెపటైటిస్ బి టీకా మూడు డోసుల డేట్లూ వెయ్యాలంట. నా కార్డెక్కడో పోయింది. కాలేజీకి ఫోన్ చేస్తే ఇవాళ రెండో శనివారం, ఎవరూ ఎత్తట్లేదు."

"ఏ టీకానే అది?"

"ఫస్టియర్ అయ్యాక వేశారు కదా, కామెర్లకి."

కామెర్ల సూది. సంపూర్ణమ్మ మొహంలోకి వెలుగొచ్చింది. "బీరువా కింద అర, చీరల అడుగున, 2022ది తియ్యి. ఎర్రట్ట." పిల్ల నేల మీద చతికిలబడి పేజీలు తిప్పింది. మొదట నిదానంగా, తర్వాత గబగబా. "నాన్నమ్మా! ఉంది! ఫిబ్రవరి ఏడు. 'వినీలకి కాలేజీలో కామెర్ల సూది. నీలం చున్నీ. ఉప్మా తినలేదు. గొడుగు మర్చిపోతే వెనక్కి పిలిచాను. 5.40కి వచ్చింది, చెయ్యి నొప్పంది.' అబ్బ! నాన్నమ్మా, నువ్వు మా కాలేజీ ఆఫీసు కన్నా నయం. రెండోది... మార్చి తొమ్మిది. 'రెండో సూది. ఐడీ కార్డు మర్చిపోతే వెనక్కి పిలిచాను. 5.35.' మూడోది ఆగస్టు ఎనిమిది. 'వాన. మూడో సూది. టిఫిను డబ్బా కోసం వెనక్కి పిలిచాను. 6.10.'" చదువుతూ చదువుతూ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. "ప్రతిదానికీ పిలిచావేంటి నాన్నమ్మా! పిలవని రోజు ఒక్కటైనా ఉందా ఇందులో?"

ఉందా? వినీల ఫారంలో తేదీలు వేసుకుంటోంది. సంపూర్ణమ్మ ఆ ఎర్రట్ట డైరీ అందుకుని ఇంకో పేజీ తిప్పింది. క్రిస్టినాని కళ్ళజోడు కోసం వెనక్కి పిలిచాను, 8.20కి వచ్చింది. ఇంకో పేజీ. మళ్ళీ క్రిస్టినా, బస్సు పాసు, వచ్చింది. మెల్లగా లేచి బీరువా దగ్గరికి వెళ్ళి 2013ది తీసింది, పిల్ల బడికి, పెన్సిలు డబ్బా, పిలిచాను, వచ్చింది. 2016, చర్చి స్త్రీల కూటమితో నరసాపురం వెళ్తున్న అన్నమ్మ వదిన, మందుబిళ్ళలు, పిలిచాను, మూడో రోజు వచ్చింది. 2018, 2019, 2020లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు, మళ్ళీ 2021. పిలిచాను, వచ్చింది, పిలిచాను, వచ్చారు. వంద దాటాక లెక్క మానేసింది. ఏ రోజుకారోజు రాసుకుంటూ పోయింది కానీ ఈ కంటితో ఎప్పుడూ చదవలేదు. పిలవడం తన చేతుల్లో లేని అలవాటు, పిలిచాక వణుకుతూ కూర్చోవడం తన శిక్ష, అంతే అనుకుంది. ఇంతమందిని వెనక నుంచి పిలిచిందా? వాళ్ళంతా ఇంటికి వచ్చారా? మంచం అంచున బ్యాగు పక్కన కూర్చుంది, ఇందాక వద్దనుకున్న వైపుకి మనసు తనంతట తనే వెళ్ళింది, ఈసారి దాన్ని ఆపలేదు. ఆగస్టు నెల. పొద్దున్నే ముసురు. విజయ్ పాల్ తలకి తువ్వాలు చుట్టుకుని రావులపాలెం బయల్దేరాడు, అరటి గెలల లోడు, ఒరిస్సా వెళ్ళాలి. నాలుగిళ్ళు దాటాడు. పెరుగన్నం డబ్బా పొయ్యి గట్టు మీదే ఉండిపోయింది. "బాబూ!" అని పిలిచింది. ఎదురరుగు మీద బియ్యం చెరుగుతున్న అన్నపూర్ణమ్మగారు చేట ఆపేశారు. "అదేంటి సంపూర్ణా, బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలుస్తావేంటే? సరే, ఓసారి లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపు." "మాకు అవేమీ లేవండీ అన్నపూర్ణమ్మగారూ" అని నవ్వింది తను. వాడూ నవ్వాడు, నవ్వి, "ఆవిడ మాటెందుకు కాదనాలమ్మా" అని వచ్చి ఈ మంచం మీదే కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, డబ్బా తీసుకుని వెళ్ళాడు. మూడో రోజు రెండో డ్రైవరు వీరాస్వామి ఒక్కడే వచ్చాడు, ఒంటి మీద ఎవరిదో చొక్కా. దారిలో వాగు పొంగి రోడ్డు మీద పారుతోందని, ముందు లారీ దాటింది కదా అని తామూ దించామని, మధ్యలో బండి పక్కకి ఒరిగిందని, తను చెట్టు పట్టుకున్నానని. లారీ దొరికింది. మనిషి దొరకలేదు. దొరకని మనిషికి సమాధి ఎలా కడతామని, జ్ఞాపకార్థ కూడిక మాత్రం ఎలా పెడతామని పాస్టరుగారితో దెబ్బలాడింది, క్రిస్టినాని నల్లపూసలు తియ్యనివ్వలేదు. మాకు అవేమీ లేవండీ అని నోరైతే అంది కానీ కడుపు నమ్మింది. ఆ పది నిమిషాలు కూర్చోబెట్టకపోతే వాగు పొంగకముందే దాటేసేవాడని నమ్మింది, అసలు పిలిచిన నోరే మింగేసిందని నమ్మింది. పాస్టరుగారికి చెప్పడానికి సిగ్గు, మన నమ్మకం కాదు కదా అది. అన్నపూర్ణమ్మగారికి చెప్తే ఆవిడ గుండె పగులుతుంది, ఆవిడకి ఆ మాట అన్నట్టే గుర్తుండదు. పదిహేనేళ్ళు ఈ డైరీల్లో కూడా రాయలేదు. ఇందులో కూరలున్నాయి, జ్వరాలున్నాయి, కాలవ రంగుంది, విజయ్ పాల్ మాత్రం లేడు. అయినా ఈ పుస్తకాలు ఊరుకోలేదు. తను ఏడుస్తున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ, ఏమీ తోచక వంకాయ కూర అని రాస్తున్నప్పుడూ కూడా ఒక్కొక్క రోజూ సాక్ష్యం కూడబెట్టి పెట్టాయి. నీ నోటికి అంత శక్తి లేదమ్మా అని చెప్పడానికి వందల మందిని పట్టుకొచ్చి నిలబెట్టాయి. వాగు పొంగింది. వానకి పొంగింది.

బయట ఆటో ఆగిన చప్పుడు. "మామ్మగారూ, టైమైందండి!" అని దుర్గాసాయి కేక. అన్నపూర్ణమ్మగారు స్టీలు డబ్బా పట్టుకుని కీళ్ళనొప్పుల నడకతో రోడ్డు దాటి వచ్చారు. "ఇవిగో చెగోడీలు. ఒక్కదానివే తినెయ్యకు, హాస్టల్లో పక్క మంచం పిల్లకి కూడా పెట్టు, సావాసం కుదురుతుంది." సంపూర్ణమ్మ జాబితాలో చెగోడీల పక్కన చుక్కని టిక్కు చేసింది. అన్నీ టిక్కులే. మర్చిపోయింది ఒక్కటీ లేదు. వినీల వచ్చి ఎదురుగా నిలబడి ఆమె మొహంలోకి కాదు, ఛాతీ వైపు చూసింది, కిందటేడు గుప్పిట పిండిన చోటికి. నర్సు చూపు. భయపడుతున్న చూపు కూడా. "వెళ్ళొస్తాను నాన్నమ్మా." "దేవుడు తోడుండు గాక" అంది సంపూర్ణమ్మ. పిల్ల గుమ్మం దిగింది, బ్యాగు ఆటోలో పెట్టింది, ఎక్కింది, ఆటో కదిలింది, నాలుగు గజాలు వెళ్ళింది.

"వినీలా!"

ఆటో ఆగిపోయింది. అన్నపూర్ణమ్మగారు రెండు చేతులూ చెంపల మీద పెట్టుకున్నారు. "ఓసి నీ నోరు పడ, మళ్ళీ పిలుస్తావేంటే వెనక నుంచి!"

"నేను పిలిచినవాళ్ళు వచ్చారండి అన్నపూర్ణమ్మగారూ. వందల మంది. రాసిపెట్టుకున్నాను" అంది సంపూర్ణమ్మ, ఆవిడ వైపు చూడకుండానే.

వినీల ఆటోలోంచి దూకి పరుగెత్తుకొచ్చింది. నాన్నమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది, ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఏంటి? నొప్పా? ఎక్కడ? ఎడం పక్కనా? ఏం మర్చిపోయాను?"

"నొప్పీ లేదు, ఏమీ లేదు. నువ్వేమీ మర్చిపోలేదు. ఊరికే పిలిచాను."

"ఊరికేనా?"

"ఊరికేనే. ఇక వెళ్ళు. బస్సెక్కాక ఫోన్ చెయ్యి, టైము వేసుకోవాలి."

పిల్ల ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆ మొహంలో ఏదో వదులైంది, ఏడాదిగా బిగబట్టుకున్నదేదో. "నీకు పిచ్చి ముదిరిపోయింది నాన్నమ్మా" అని బుగ్గ గిల్లి, నవ్వుకుంటూ పోయి ఆటో ఎక్కింది. ఆటో కిరాణా కొట్టు దాటింది, చర్చి మలుపు దాటింది. సంపూర్ణమ్మ ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకుంది. దడ ఉంది. ఎందుకుండదు, పిల్ల అంత దూరం వెళ్తుంటే? దడ మామూలుగా ఉంది, అంతే. అన్నపూర్ణమ్మగారు గొణుక్కుంటూ అరుగు మీద చతికిలబడ్డారు. సంపూర్ణమ్మ కుర్చీ గుమ్మం వెలుగులోకి జరుపుకుంది. జూన్ పద్నాలుగు పేజీలో జాబితా కింద ఇంకా చోటుంది. 'వినీల 4.10కి వెళ్ళింది. పసుపు చుడీదారు. పెరుగన్నం తింది. వెనక్కి పిలిచాను' అని రాసింది. పెన్ను ఎత్తలేదు. మిగిలిన గీతల మీద ఒక్కొక్క అక్షరమే నిలబెడుతూ రాసింది.

'నా కొడుకు విజయ్ పాల్ 2010 ఆగస్టు 4, బుధవారం, పొద్దున పదింటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.'